ఏడాది పెద్దరికం

ఈ పుస్తకం రాసిన అమ్మాయి నిమ్మనపల్లె బడిలో నా దగ్గర చదువుకుంది. ఇప్పుడు తానే పంతులమ్మ. మా దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) లాడ్జికి, అంటే స్థానిక శాఖకు, ఏడాదిపాటు అధ్యక్షురాలిగా ఉండి, పదవి దిగాక ఆ ఏడాది సంగతులన్నీ రాసి తెచ్చి, "అయ్యవారూ, ముందుమాట మీరే రాయాల" అని అడిగింది. శిష్యురాలి పుస్తకానికి చదువు చెప్పినవాడు నాలుగు మంచి మాటలు రాయడం మర్యాదే. రాతప్రతి చదవడం మొదలుపెట్టాక ఆ మర్యాద సంగతే మరిచిపోయాను. లాడ్జీల వార్షిక నివేదికలు చాలా చూసినవాణ్ణి. జరిగిన సభలు, వచ్చిన వక్తలు, జమాఖర్చులు, వందన సమర్పణ తప్ప వాటిలో ఊరు కనబడేది కాదు. ఈ పుస్తకంలో మా ఊరి మనుషులు కనబడ్డారు.

సంఘాల్లో అధ్యక్ష పదవి ఎలా నడుస్తుందో అందరికీ తెలుసు. ఎన్నికైన రోజు పూలదండ, ఆ తరువాత వేదిక మీద నడిమి కుర్చీ, ఏడాది చివర ఒక ఫోటో. దీన్ని మార్చి చూపించినవారు దివ్యజ్ఞాన సమాజానికి అప్పటి అధ్యక్షురాలు అనీబిసెంటు గారు. 1917 డిసెంబరులో కలకత్తా కాంగ్రెసుకు ఆమె అధ్యక్షత వహించారు. అంతవరకు ఆ పదవి మహాసభ జరిగే నాలుగు రోజుల ముచ్చటగానే ఉండేది. అధ్యక్షుడు ఉపన్యాసం చదివి, తీర్మానాలు నెగ్గించి, రైలెక్కి తన ఊరికి పోయేవాడు. ఏడాది పొడుగునా తాను అధ్యక్షురాలినేనని, ఏడాది పొడుగునా పని చేస్తానని ఆమె చెప్పారు, చేశారు. అప్పటికి ఆమెకు డెబ్బై ఏళ్లు. ఆ ఏడాదే జూన్ నుంచి సెప్టెంబరు దాకా ప్రభుత్వ నిర్బంధంలో ఉండి వచ్చారు కూడా. మా అమ్మాయి తన పుస్తకం మొదటి అధ్యాయంలో ఈ సంగతి చెప్పి, తన పదవీకాలాన్ని ఆ కొలతతోనే కొలుచుకుంటానని రాసింది. పెద్ద కొలత పెట్టుకుంది. ఎంతవరకు అందుకుందో పాఠకులు చూస్తారు. నా మట్టుకు నాకు చాలా దూరమే వెళ్లిందనిపించింది.

దివ్యజ్ఞాన సమాజం చరిత్ర మన ప్రాంతానికి ఎక్కడో దూరాన ఉన్నది కాదు. 1875 నవంబరు 17న న్యూయార్కులో మొదలైన ఈ సమాజం 1882లో మద్రాసు అడయారుకు చేరింది. ఆ సంవత్సరం మే నెలలోనే స్థాపకులు బ్లావట్‌స్కీ, ఆల్కాట్ ఇద్దరూ బకింగ్‌హామ్ కాలువ మీద పడవలో నెల్లూరు వచ్చారు, అక్కడి నుంచి గుంటూరు దాకా వెళ్లారు. మదనపల్లెలో 1915లో దివ్యజ్ఞాన కళాశాల వెలిసింది. అనీబిసెంటు గారి 'న్యూ ఇండియా' పత్రికలో పనిచేస్తున్న ఐర్లండు కవి జేమ్స్ కజిన్స్, డబ్లిన్‌లో జరిగిన ఈస్టరు తిరుగుబాటును మెచ్చుకుంటూ రాసి 1916లో ఆ ఉద్యోగం పోగొట్టుకుని మన కళాశాలకు వచ్చారు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూరు ఆయనకు అతిథిగా వచ్చి, జనగణమన పాడి, దానికి ఇంగ్లీషు అనువాదం అక్కడే రాశారు. పాటకు స్వరం కుదిర్చి రాసిపెట్టడంలో కజిన్స్ భార్య మార్గరెట్ చేయి ఉంది. మదనపల్లెలో ఈ కథ చిన్నపిల్లలు కూడా చెబుతారు.

ఆ మార్గరెట్ అమ్మగారు అంతకంటే ముందే మదనపల్లెలో చేసిన ఇంకొక పనిని మాత్రం మనం మరిచిపోయాం. 1916లో ఇక్కడి ఆడవాళ్లను కూడగట్టి ఆమె అబలాభివర్ధినీ సమాజం పెట్టారు. ఆ అనుభవం ఊరికే పోలేదు. మరుసటి ఏడాది అడయారులో భారత మహిళా సంఘం ఏర్పడింది. అనీబిసెంటు గారు దానికి అధ్యక్షురాలు, మార్గరెట్ స్థాపకుల్లో ఒకరు. 1917 డిసెంబరు 18న సరోజినీ నాయుడు గారి వెంట ఆడవాళ్ల బృందం మద్రాసులో భారత వ్యవహారాల మంత్రి మాంటేగు దొరను కలిసి ఓటు హక్కు అడిగింది. ఆ బృందాన్ని నడిపించి తెచ్చినవారు మార్గరెట్. 1921లో మద్రాసు శాసనసభ ఆడవాళ్లకు ఓటు ఇచ్చింది. బ్రిటిషు ఇండియాలో ఆ పని చేసిన మొదటి రాష్ట్రం మనదే. మదనపల్లెలో కొద్దిమంది ఆడవాళ్లు ఒకచోట కూర్చుని మాట్లాడుకోవడం నుంచి శాసనసభ తీర్మానం దాకా పట్టింది ఐదేళ్లు. ఈ వరుసను మా అమ్మాయి ఎంత శ్రద్ధగా రాసిందంటే, పుస్తకం మొత్తంలో నేను రెండుసార్లు చదివిన అధ్యాయం ఇదే.

లాడ్జీలు లోకంలో చాలా రకాలు ఉన్నాయి. ఫ్రీమేసన్ల లాడ్జీలలో కూడా పెద్దరికం ఏడాదికే పరిమితం, ఆ తరువాత కుర్చీ ఇంకొకరికి అప్పగించాలి. మంచి పద్ధతే. కానీ అక్కడ చాలాచోట్ల ఆడవాళ్లకు తలుపు మూసే ఉంటుంది. దివ్యజ్ఞాన సమాజాన్ని స్థాపించినవాళ్లలోనే ఒక స్త్రీ ఉన్నారు. జాతి, మతం, కులం, రంగు, ఆడామగా తేడా లేని సోదరభావం ఈ సమాజం మొదటి ఆశయం. ఈ ఆశయాన్ని లాడ్జి గదిలో కూర్చుని చదవడం తేలిక. ఊళ్లోకి తీసుకుపోతే కష్టం మొదలవుతుంది. ఈ పుస్తకంలో బలమంతా ఆ కష్టాన్ని దాచకుండా రాయడంలోనే ఉంది.

క్షయ రోగుల అధ్యాయం చూడండి. మదనపల్లె పక్కనే ఆరోగ్యవరం క్షయ శానిటోరియం 1915లో వెలిసింది. దేశంలో బీసీజీ టీకా పని 1948లో ప్రయోగంగా మొదలైన చోట్లలో మదనపల్లె ఒకటి. అంత చరిత్ర ఉన్న నేల మీద ఇప్పటికీ మన పల్లెల్లో దగ్గుతూ మందు మధ్యలో మానేసేవాళ్లు ఉన్నారు. మామూలు క్షయకు ఆరు నెలలు మందు వాడాలి. రెండో నెలకు దగ్గు తగ్గుతుంది, ఒంట్లోకి కాస్త సత్తువ వస్తుంది, రోగి బెంగుళూరు బస్సెక్కి కూలికి పోతాడు. మందు ఆగిపోతుంది. రోగం మొండిదై తిరిగొస్తుంది. ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన నిక్షయ్ మిత్ర పథకంలో ఎవరైనా పేరు రాయించుకుని ఒక రోగి పౌష్టికాహారం బాధ్యత తీసుకోవచ్చు. లాడ్జి సభ్యులు తలా ఒకరిని తీసుకోవాలని ఈ అమ్మాయి ప్రతిపాదించింది.

అక్కడ గొడవ వచ్చింది. ఇచ్చే సరుకుల్లో గుడ్లు ఉండవచ్చా? మా సభ్యుల్లో చాలామంది శాకాహారులు. జీవహింస కూడదన్నది వాళ్లకు పుస్తకంలో చదివిన మాట కాదు, జీవితమంతా పాటించిన నియమం. కందిపప్పు, చెనిక్కాయలు, పాలపొడి ఇద్దాం, గుడ్లు మాత్రం లాడ్జి పేరు మీద వద్దన్నారు. రోగి ఏం తినాలో రోగి, డాక్టరు కలిసి తేల్చుకుంటారని, ఇచ్చేవాడి నియమం పుచ్చుకునేవాడి కంచంలోకి పోకూడదని ఇంకొందరు అన్నారు. రెండు సభలు ఈ వాదనతోనే గడిచిపోయాయి. అధ్యక్షురాలు ఓటు పెట్టలేదు. తనకు అప్పగించిన రోగి ఇంటికి వెళ్లి, ఆ ఇంటి అవ్వను అడిగి, ఆమె చెప్పిన సరుకులు రాసుకొచ్చి, సొంత డబ్బుతో కొనిచ్చింది. ఎవరికి ఇష్టమైన పద్ధతిలో వాళ్లు ఇవ్వండి, ఇవ్వడం మాత్రం ఆరు నెలలూ ఆపొద్దు అంది. గుడ్లు వద్దన్న పెద్దాయనే తన రోగి కోసం ప్రతి వారం ఆసుపత్రి గుమ్మం దగ్గర నిలబడ్డాడని రాసింది. పెద్దరికం అంటే ఏమిటో ఈ మూడు పేజీలు నాకు కొత్తగా చెప్పాయి. ఓటు పెడితే ఒక పక్షం గెలిచేది, లాడ్జి రెండుగా చీలేది, రోగులు మధ్యలో మిగిలేవాళ్లు.

మే 8న బ్లావట్‌స్కీ గారి వర్ధంతిని ప్రపంచమంతటా ఉన్న లాడ్జీలు శ్వేతపద్మ దినంగా జరుపుతాయి. ఆ రోజు భగవద్గీత, ఎడ్విన్ ఆర్నాల్డ్ రాసిన బుద్ధచరిత్ర చదవాలని ఆమె కోరుకున్నారు. చాలాచోట్ల అన్నదానం కూడా చేస్తారు. ఆ ఏడాది అన్నదానం వద్దని, సహపంక్తి భోజనం చేద్దామని, వంట మాత్రం దళితుల కాలనీ వాళ్లు చేయాలని అధ్యక్షురాలు పట్టుబట్టింది. సంగటి, చెనిక్కాయల చట్నీ, పప్పు. వచ్చినవాళ్లు వచ్చారు. రానివాళ్ల గురించి ఆమె ఒక్క కటువైన మాట రాయలేదు, ఎవరి పేరూ రాయలేదు. ఆ ఓర్పు నాకు నచ్చింది.

అదే వారంలో జిడ్డు కృష్ణమూర్తి గారి జయంతి. 1895 మే నెలలో మదనపల్లెలో పుట్టిన మనిషి. తండ్రి నారాయణయ్య గారు రెవెన్యూ ఉద్యోగి, సమాజ సభ్యుడు. 1909లో కుటుంబం అడయారు చేరింది. ఆ పిల్లవాణ్ణి జగద్గురువుగా నిలబెట్టాలని 1911లో ఒక సంఘాన్నే పెట్టారు. 1929 ఆగస్టు 3న హాలెండులో ఒమ్మెన్ శిబిరంలో వేలమంది ముందు ఆయనే ఆ సంఘాన్ని రద్దు చేశారు. తరువాత దివ్యజ్ఞాన సమాజాన్నీ వదిలారు. సత్యానికి సంస్థలు దారి చూపలేవన్నది ఆయన నిశ్చయం. మా లాడ్జీలలో ఈ ప్రస్తావన రాగానే పెద్దలు మాట మార్చడం నేను ఎరుగుదును. ఈ అమ్మాయి మాట మార్చనివ్వలేదు. నెల పొడుగునా అధ్యయన సభల్లో ఇదే చర్చకు పెట్టింది. ఒక ఆదివారం అందరినీ కృష్ణమూర్తి గారి ఆలోచనతో వెలిసిన రిషివాలీ బడి మర్రిచెట్టు దగ్గరకు తీసుకుపోయింది, ఆ లోయ చుట్టుపక్కల పల్లెల్లో రిషివాలీ సంస్థ నడిపే చిన్న బడులను చూపించింది. సంస్థలను వద్దన్న మనిషి పేరు మీదా ఒక సంస్థ నడుస్తోంది, ఆ బడులలో పల్లె పిల్లకాయలు చక్కగా చదువుకుంటున్నారు. ఆమె ఈ రెండు సంగతులను పక్కపక్కన పెట్టి ఊరుకుంది. నేను ఇంకొంచెం చెబుతాను. సత్యం వెతకడానికి ఎవరి దారి వాళ్లది, దానికి రిజిస్టరు అక్కరలేదు. ఆరు నెలలు మందు మింగాల్సిన కూలివాడికి మాత్రం ఫలానా వారం ఫలానా మనిషి తప్పకుండా వస్తాడని రాసిపెట్టిన రిజిస్టరు కావాలి. లాడ్జి అందుకైనా ఉండాలి.

ఒక విషయంలో ఆమెతో నాకు పేచీ ఉంది. చివరి అధ్యాయంలో, వారపు అధ్యయన సభలు తగ్గించి ఆ సమయం సేవకు ఇవ్వాలని సూచించింది. చెనిక్కాయ విత్తే రోజుల్లో, టమాట కోతల్లో సభకు నలుగురే వచ్చిన వారాలు ఉన్నాయి. విసుగు పుట్టడం సహజమే. అయినా ఒప్పుకోను. అనీబిసెంటు గారు 1908లో దివ్యజ్ఞాన సేవాసంఘాన్ని వేరుగా పెట్టారు, చదువును ఆపి పెట్టలేదు. గుడ్ల గొడవలో అంతమంది అంత మర్యాదగా వాదించుకోగలిగారంటే ఏళ్ల తరబడి ఒకచోట కూర్చుని, ఒకరి మతగ్రంథం ఒకరు చదివి విన్నందువల్లే. నలుగురు వచ్చినా సభ జరగాలి. ఆమె తరువాత కుర్చీలో కూర్చున్నవారికి ఈ మాట ఇప్పటికే చెప్పాను.

భాష గురించి వేరే చెప్పాల్సిన పని లేదు. నిమ్మనపల్లె మాట నిమ్మనపల్లె మాటలాగే ఉంది. జమాఖర్చుల అధ్యాయంలో లోటును లోటు అనే రాసింది, అది ఎవరు పూడ్చారో వాళ్లు వద్దన్నారు కాబట్టి రాయలేదు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో ఈ పుస్తకం చేతికి వచ్చినవాళ్లకు ఒక మనవి. కొత్త లాడ్జికి అనుమతి అడగడానికి ఏడుగురు సభ్యులు చాలు. మీ ఊళ్లో ఏడుగురు దొరికితే మంచిదే. దొరకకపోయినా, మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి, ఒక క్షయ రోగికి ఆరు నెలలు తోడుండే బాధ్యతకు మీ పేరు రాయించండి.