విడిపించుకొచ్చాం

గుంటూరు జిల్లా ప్రత్తిపాడు పేరులోనే ప్రత్తి ఉంది. చుట్టూ నల్లరేగడి, అందులో పత్తి, మిరప. పెట్టుబడి ఎక్కడిదంటే, చాలా ఇళ్లలో ఆడవాళ్ల మెడలోదే. తొలకరికి ‘వస్తువులు బ్యాంకులో పెట్టాం’ అంటారు. గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలు (బస్తాలు) అమ్ముడై డబ్బు చేతికొస్తే ‘విడిపించుకొచ్చాం’ అంటారు. ఆ రెండో మాట అనేటప్పుడు గొంతు కాస్త పెరుగుతుంది.

ఆ మాటలోని విడు అన్నది అచ్చంగా మన దక్షిణాది ధాతువు. తమిళులకు విడుదలై అంటే స్వాతంత్ర్యం, కన్నడంలో బిడుగడె. మనం విడుదల అన్న మాటను జైలు ఖైదీకీ, సాగర్ నీళ్లకీ, శుక్రవారం సినిమాకీ కూడా వాడేస్తాం. గ్రహణానికి పట్టు స్నానం ఒకటి, విడుపు స్నానం ఒకటి. పట్టు లేనిదే విడుపు లేదు.

సంస్కృతం వైపు ముచ్ ధాతువు ఉంది. మోక్షం, ముక్తి, విమోచన అన్నీ దాని సంతానమే. హైదరాబాద్ సంస్థానం కథ ముగిసిన 1948 సెప్టెంబరు 17ను విమోచన అనాలా, విలీనం అనాలా అన్న తగువు ఇంకా తెగలేదు. మా వైపు చర్చీల్లో ‘విమోచన క్రయధనం’ అంటారు. క్రయమంటే కొనడం. ఇంగ్లీషు రిడెంప్షన్‌కి లాటిన్ మూలంలోనూ తిరిగి కొనడమనే అర్థం. పాస్టరుగారి మాటా బ్యాంకు కౌంటరు మాటా ఒక్కటే అన్నమాట! గజేంద్రుడు మొరపెడితే విష్ణుమూర్తి వచ్చాడు గానీ, ఇక్కడ అసలూ వడ్డీ కట్టందే నగల కవరు సీలు ఊడదు.

ఓ మార్చి నెలలో నగ విడిపించుకోవడానికి వచ్చిన ఒకావిడను బ్యాంకులో చూశాను. అప్రైజరు కవరు చింపి, నాంతాడు త్రాసులో వేసి, గ్రాములు చదివాడు. ఆవిడ ఆ అంకె వినిపించుకోలేదు. కొక్కెం దగ్గర అతుకును బొటనవేలితో తడిమి, ‘మాదేలే అన్నా’ అంది. ‘ముందు సంతకం పెట్టవే’ అని పక్కన మొగుడి తొందర. ఆవిడ మెడలో వేసుకున్నాకే పెన్ను పట్టింది.

అన్ని ఏళ్లూ అలా ఉండవు. 1987-88లో తెల్లదోమ పత్తిని ఊడ్చేస్తే, పురుగుమందు కొట్ల బాకీలు తీర్చలేక ఆ మందే తాగిన రైతులు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఉన్నారు. అంత ఘోరం కాకపోయినా, మిర్చి ధర పడిన ఏడు వడ్డీ మాత్రం కట్టి అప్పు తిరగరాయిస్తారు. నగ లాకరు దాటదు. బ్యాంకు పుస్తకంలో అది పాత బాకీ తీరి కొత్తది పుట్టడమే. ఊళ్లో మాత్రం దాన్ని విడిపించడమని ఎవరూ అనరు, ‘తిరగరాశాం’ అంటారు. ఈ లెక్కలో నేను ఊరి వైపే.