శ్రవణ, భాషణాలు: క్రమంలో ముందు, మూల్యాంకనంలో వెనుక

శ్రవణ, భాషణ, పఠన, లేఖనాలను భాషానైపుణ్యాలుగా పేర్కొనేటప్పుడు వినడం, మాట్లాడడం ముందుంటాయి. ప్రాథమిక పాఠశాలలో మూల్యాంకనానికి వచ్చేసరికి రాతపరీక్షే ప్రధానమవుతుంది. పరీక్షించని నైపుణ్యానికి తరగతిలో సమయం దక్కదు. విద్యార్థి ఇంటి మాండలికంలో చెబుతున్న వాక్యాన్ని మధ్యలో ఆపి సరిదిద్దితే, అతడు మళ్ళీ నోరు విప్పడానికి జంకుతాడు. గిడుగు రామమూర్తి సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించడానికి ముందుగా తాను ఆ భాష నేర్చి, వాచకాలు రూపొందించారు. ఉపాధ్యాయుడే తొలి శ్రోత కావాలన్నది ఆ కృషి చెప్పే పాఠం. పొడుపుకథ ఇందుకు అనువైన సాధనం. ప్రతి పదాన్నీ శ్రద్ధగా వింటేనే విడుపు దొరుకుతుంది. అది ఎందుకు సరైనదో వివరించేటప్పుడు భాషణం అలవడుతుంది. విడుపు చెప్పగానే మెచ్చుకొని వదిలేస్తే అది జ్ఞాపకశక్తి పరీక్షగానే మిగులుతుంది. ఆ వివరణకూ మార్కులు కేటాయించినప్పుడే మౌఖిక నైపుణ్యాలకు తరగతిలో చోటు దక్కుతుంది.