తెల్లకాగితముపై నడచు చుక్కలు

న్యూజెర్సీలో మా యింటి మెట్లకు చెరియొకప్రక్క ద్వారపాలకులవలె నిలిచియున్న పొట్టి ఆల్బెర్టా స్ప్రూస్ చెట్లలో ఒకదాని లోపలి యాకులు నిరుడు మే నెలలో ఇటుకపొడి చల్లినట్లు వివర్ణములు కాగా, నీరు చాలకున్నదని తలచి నేను దినదినము కుండెడు నీరు పోసితిని. అంతటితో ఊరకుండక, కనబడిన పురుగునెల్ల చంపునని అంగడిలో చెప్పి యిచ్చిన మందును పిచికారి కూడ చేసితిని. నెల తిరుగకమునుపే రెండవ ద్వారపాలకునికిని ఆ రంగే వచ్చెను.

దోషి స్ప్రూస్ నల్లి. కుక్కిమంచములోని నల్లి గాదు. మన బెండను, వంగను పీల్చు ఎర్రనల్లికి దాయాది, ఎనిమిది కాళ్లతో అరమిల్లీమీటరైన నుండని సాలీటి చుట్టము. వంగతోటలో రైతు ఆకు తిరుగవేసి ఆ దాయాదిని పట్టుకొనును. సూదివంటి యాకును తిరుగవేయు టెట్లు? కనుకనే యిచ్చటి తోటపని తెలిసినవారు కొమ్మ క్రింద తెల్లకాగితము పట్టి, రెండుమూడు మారులు తట్టి, రాలిన నలుసులలో ఏది నడచునో యని వేచి చూతురు. మర్మమంతయు ఆ నడకలోనే యున్నది: మెల్లగా ప్రాకునది చెట్టును పీల్చునది, పరుగెత్తునది దానిని వేటాడి తిను మరియొక జాతి నల్లి. నా మందు వేటగాండ్రను మట్టుపెట్టి, ప్రాకువారికి నిష్కంటకరాజ్యము కట్టబెట్టెను.

ఈ తెలివితక్కువతనము నా యొక్కనిదే కాదని కొంత యూరట. 1956లో అమెరికా అటవీశాఖవారు మొగ్గలను తొలుచు పురుగుపై కోపించి, సుమారు 8,85,000 ఎకరముల యడవిపై డి.డి.టి. చల్లించిరి, మరుసటి వేసవికి మొంటానా కొండలలోని డగ్లస్ ఫర్ చెట్లు, నల్లి విజృంభించుటచే, నిప్పంటించినట్లు కమిలిపోయెను. రేచెల్ కార్సన్ 1962లో వెలువరించిన ‘సైలెంట్ స్ప్రింగ్’లో ఈ ఘట్టము కలదు.

స్ప్రూస్ నల్లికి చలువ ప్రియము. వసంతమునను, ఆకురాలు కాలమునను విజృంభించి, నడివేసవిలో అణగిపోవును. చెట్టు ఎరుపెక్కినదని జూలైలో మనము మందునకై పరుగిడుట, దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లే.

అందుచే ఈ యేడు ఏప్రిల్ నుండియే కాగితము పట్టుచున్నాను. “పొద్దున్నే ఆ తెల్లకాగితంలో ఏం చదువుతున్నారండీ?” అని మా యావిడ పరిహాసము. నేటి యుదయము ఏడు చుక్కలు ప్రాకినవి, రెండు పరుగెత్తినవి. ఆ రెంటిని మరల కొమ్మపైననే దులిపి, గొట్టము విప్పి, మిగిలిన కొమ్మల లోపలికి నీటిధార బలముగా కొట్టితిని.