పరుగును పరుగుగా చూడటం

పారా అథ్లెటిక్స్‌లో క్రీడాకారుల పేర్ల పక్కన ఒక అక్షరం, ఒక అంకె ఉంటాయి. వాటిని చదవడం వచ్చాకే చూసేవారికి పోటీ రుచి తెలుస్తుంది. టీ అంటే పరుగులు, దూకే పోటీలు. ఎఫ్ అంటే విసిరే పోటీలు. 11 నుంచి 13 వరకు చూపు లోపం ఉన్నవారు, 20లో మేధో వైకల్యం ఉన్నవారు, ముప్పైల్లో కండరాల మీద అదుపు తగ్గినవారు ఉంటారు. నలభైల్లో ఎత్తు తక్కువవారు, చేతుల్లోనో కాళ్లలోనో లోపం ఉన్నవారు, యాభైల్లో చక్రాల కుర్చీపై పోటీపడేవారు, కూర్చుని విసిరేవారు, అరవైల్లో కృత్రిమ కాలితో బరిలో దిగేవారు వస్తారు. ఒకే వర్గంలో అంకె తగ్గేకొద్దీ సాధారణంగా లోపం తీవ్రత ఎక్కువ.

ఈ అంకెను నిపుణులు పరీక్షించి ఇస్తారు. పరీక్ష అనగానే నస్పూర్, శ్రీరాంపూర్ బొగ్గుగని కాలనీల్లో గుర్తొచ్చేది కొత్తగూడెంలో కూర్చునే సింగరేణి మెడికల్ బోర్డు. కార్మికుడు బాయి పనికి పనికొస్తాడో లేదో అక్కడ తేలుతుంది. అన్‌ఫిట్ అని రాస్తే కొలువు వారసుల వైపు మళ్లుతుంది, ఇంటి దారే మారిపోతుంది. ఆ పరీక్ష మనిషి ఇక చేయలేని పనిని నిర్ధారిస్తుంది. క్రీడల వర్గీకరణ అడిగేది వేరు. ఈ లోపం ఈ పోటీలో ఎంత అడ్డు? ఎవరితో తలపడితే గెలుపోటములు సాధన మీద, నేర్పు మీద ఆధారపడతాయి? ఈ ప్రశ్నలకు సరైన జవాబు దొరికినప్పుడే పందెం న్యాయంగా ఉంటుంది. పందెం న్యాయంగా ఉంటేనే ఉత్కంఠ పుడుతుంది.

ఈ క్రీడల పుట్టుకకూ బొగ్గుకూ సంబంధం ఉంది. 1917లో సైలీషియా గనుల ప్రాంతంలోని ఒక ఆసుపత్రిలో సేవకు చేరిన లుడ్విగ్ గుట్‌మన్, వెన్నెముక విరిగిన గని కార్మికుణ్ని చూశాడు. ఆ కార్మికుడు కొద్ది వారాలకే ఇన్ఫెక్షన్ సోకి చనిపోయాడు. వెన్ను విరిగినవారు బతకరన్నది అప్పటి వైద్యుల అభిప్రాయం. తర్వాతి కాలంలో వైద్యుడైన గుట్‌మన్ నాజీల పీడన తప్పించుకుని ఇంగ్లండ్ చేరాడు. 1948 జులై 29న, లండన్ ఒలింపిక్స్ మొదలైన రోజునే, స్టోక్ మాండెవిల్ ఆసుపత్రి ఆవరణలో గాయపడిన 16 మంది సైనికులకు, మాజీ సైనికులకు విలువిద్య పోటీ పెట్టాడు. వాటి కొనసాగింపుగా 1960లో రోమ్‌లో జరిగిన క్రీడలను తొలి పారాలింపిక్స్‌గా లెక్కిస్తారు.

తెలంగాణ ప్రేక్షకులకు ఈ ఆటను దగ్గర చేసింది జీవంజి దీప్తి. ఆమెది వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడ. కోచ్ నాగపురి రమేష్ దగ్గర హైదరాబాద్‌లో రాటుదేలింది. ఆమె తరగతి టీ20, పందెం 400 మీటర్లు. ఈ తరగతికి ఒక చేదు చరిత్ర ఉంది. 2000 సిడ్నీ పారాలింపిక్స్‌లో స్పెయిన్ బాస్కెట్‌బాల్ జట్టులో చాలామందికి అసలు వైకల్యమే లేదని బయటపడింది. దాంతో మేధో వైకల్యం ఉన్నవారి పోటీలనే పక్కన పెట్టారు. పరీక్షలు కట్టుదిట్టం చేశాక 2012 లండన్‌లో మళ్లీ చేర్చారు.

టీ20 పరుగులో లోపం కంటికి కనిపించదు. కాళ్లూ చేతులూ మామూలుగానే ఉంటాయి. అడ్డంకి ఉండేది స్పందించే వేగంలో, ధ్యాస నిలపడంలో, అప్పటికప్పుడు నిర్ణయించుకోవడంలో. 400 మీటర్లు సరిగ్గా వాటినే పరీక్షిస్తుంది. పూర్తి వేగంతో చివరిదాకా ఎవరూ పరుగెత్తలేరు. మొదటి 200లో ఎక్కువ ఖర్చు చేస్తే చివరి 100లో కాళ్లు బరువెక్కుతాయి. తక్కువ ఖర్చు చేస్తే అంతరం పూడదు. పైగా ఎవరి లేన్ వారిది. బయటి లేన్‌లో ఉన్నవారికి వెనుకవారు కనిపించరు. లెక్కంతా లోపలే జరగాలి. ప్రేక్షకుడు చూడాల్సింది రెండో వంపును. అక్కడ అడుగు కురచ కాకుండా, భుజాలు బిగుసుకోకుండా బయటికి వచ్చినవారికే చివరి 100లో బలం మిగులుతుంది.

అంకెలు తెలిస్తే ఈ పందెం నెలల తరబడి సాగే కథవుతుంది. 2023 అక్టోబరులో హాంగ్‌జౌ ఆసియా పారా క్రీడల్లో దీప్తి 56.69 సెకన్లలో స్వర్ణం గెలిచింది. 2024 మేలో కోబె ప్రపంచ చాంపియన్‌షిప్‌లో 55.07తో ప్రపంచ రికార్డు సృష్టించింది. సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్ హీట్స్‌లో తుర్కియే రన్నర్ ఐసెల్ ఒండర్ 54.96తో ఆ రికార్డును చెరిపేసింది. మర్నాడు, సెప్టెంబరు 3న, ఫైనల్. ఉక్రెయిన్‌కు చెందిన యూలియా షూలియార్ 55.16తో మొదట చేరింది, ఒండర్ 55.23, దీప్తి 55.82. హీట్స్‌లో రికార్డు కొట్టిన ఒండర్ ఫైనల్లో 0.07 సెకన్ల తేడాతో స్వర్ణం చేజార్చుకుంది. దీప్తి కంచుతో పారాలింపిక్స్ పతకం అందుకుంది. హీట్స్‌లో ఎంత ఖర్చు పెట్టాలి, ఫైనల్‌కు ఎంత దాచుకోవాలి అన్న చర్చ సాధారణ ఒలింపిక్స్‌లో ఎంత ఆసక్తికరమో ఇక్కడా అంతే.

మిగతా తరగతుల్లో చూడాల్సినవి వేరు. టీ11లో రన్నర్ కళ్లకు గంతలుంటాయి. పక్కనే గైడ్, ఇద్దరి చేతులనూ కలుపుతూ చిన్న తాడు. గైడ్ లాగకూడదు, ముగింపు గీతను రన్నర్ కంటే ముందుగా దాటకూడదు. ఇద్దరి చేతులూ అడుగులూ ఒకే లయలో సాగడమే ఆ పందెంలోని అందం. ఎఫ్64 జావెలిన్‌లో సుమిత్ అంటిల్ పారిస్‌లో 70.59 మీటర్లు విసిరి స్వర్ణం గెలిచాడు. కుడిచేత్తో విసిరేవారు పరుగును ఎడమకాలితో ఒక్కసారిగా ఆపి, ఆ ఊపునంతా చేతికి పంపుతారు. సుమిత్‌కు ఆ ఎడమకాలే కృత్రిమం. అది తెలిసి చూస్తే ఆ ఒక్క అడుగే ఊపిరి బిగబట్టిస్తుంది.

ఈ పోటీలను చాలామంది స్ఫూర్తి కోసమే చూస్తారు. దీప్తి జీవితంలో కష్టాలు, ఊళ్లో ఎదురైన హేళన నిజం, వాటిని మరవకూడదు. కానీ జాలి పోటీని పోటీగా చూడనివ్వదు. జాలిపడేవారికి మొదటి స్థానమూ ఎనిమిదో స్థానమూ ఒకటే, ఎందుకంటే అందరూ గొప్పవారే. క్రీడాకారిణి మాత్రం మొదటి స్థానం కోసమే ఏళ్ల తరబడి శ్రమిస్తుంది. పొరపాటును పొరపాటనీ, మంచి పరుగును మంచి పరుగనీ గుర్తించే చూపే ఆమెకు దక్కాల్సిన నిజమైన గౌరవం. శ్రీరాంపూర్ ప్రగతి స్టేడియం లాంటి చోట పరుగు పందేలు చూసి పెరిగిన బొగ్గుగనుల ప్రేక్షకులకు ఆ చూపు కొత్తేమీ కాదు. తెలుసుకోవాల్సినవి తరగతి సంకేతాలు, ప్రత్యర్థుల పేర్లు, వారి టైమింగ్‌లు మాత్రమే.

2025లో న్యూఢిల్లీలో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ఒండర్‌కు స్వర్ణం, దీప్తికి రజతం దక్కాయి. 2028 పారాలింపిక్స్ లాస్ ఏంజెలిస్‌లో. అప్పటిదాకా సీజన్ సీజన్‌కూ ఈ ఇద్దరి టైమింగ్‌లను గమనిస్తూ వచ్చినవారికి ఆ 55 సెకన్లు పూర్తిగా అర్థమవుతాయి.