పది నిమిషాలు నిండని రికార్డు

రెండు వైపులా కలిపి ఎనిమిది పాటలు. అన్నీ విన్నా పది నిమిషాలు పట్టదు. 1981లో అమెరికా రాజధాని వాషింగ్టన్ కుర్రాళ్లు నలుగురు 'మైనర్ థ్రెట్' పేరుతో తెచ్చిన మొదటి రికార్డిది. పాడింది ఇయన్ మెకాయ్. గిటార్ లైల్ ప్రెస్లర్, బేస్ బ్రయన్ బేకర్, డ్రమ్స్ జెఫ్ నెల్సన్. వీళ్లు వాయించిన హార్డ్‌కోర్ పంక్ సంగీతం ఒట్టి గోల అనేవాళ్లకు నేను ముందు వినిపించేది దీన్నే.

ఏడంగుళాల రికార్డు నిమిషానికి 45 చుట్లు తిరుగుతుంది. ఒక్కో వైపు ఐదు నిమిషాలు దాటితే గాడులు ఒకదానికొకటి దగ్గరగా కోయాలి. గాడి ఇరుకైతే ముల్లు ఊగడానికి చోటుండదు, శబ్దం పలచబడుతుంది. 78 చుట్ల రికార్డుల కాలంలో మన నాటక పద్యాలు పాడినవాళ్లకూ ఈ ఇబ్బంది తెలుసు. రంగస్థలం మీద ఎంతసేపైనా సాగే రాగాన్ని మూడు నిమిషాలకు కుదించుకోవాల్సి వచ్చింది. ఈ కుర్రాళ్లకు ఆ అవసరం రాలేదు. వాళ్ల పాట పుట్టడమే ఆ కొలతకు పుట్టింది.

'స్ట్రెయిట్ ఎడ్జ్' పాటనే తీసుకోండి. నిడివి 46 సెకన్లు. అందులో గిటార్ సోలో లేదు, సాగదీత లేదు. కిక్, స్నేర్ డ్రమ్ములు ఒకదాన్నొకటి తరుముతుంటాయి. అంత వేగంలోనూ గిటార్ తీగల మోత విడివిడిగా వినిపిస్తుంది, నలుగురూ ఒక్క దెబ్బకు ఆగుతారు. నెమ్మది పాటలో చిన్న తప్పు దొర్లితే సర్దుకోవచ్చు, ఇక్కడ ఆ వ్యవధి ఉండదు. ఎంత సాధన చేస్తే ఇది కుదురుతుంది! వేగానికి ఇంత కచ్చితత్వం తోడవగలదని వీళ్లకు చూపింది అదే ఊరి నల్లజాతి బ్యాండు 'బ్యాడ్ బ్రెయిన్స్'. అంతకుముందు జాజ్ ఫ్యూజన్ వాయించిన చేతులవి.

మత్తు జోలికి పోనని ఓ కుర్రాడు తన సంగతి తాను చెప్పుకున్న ఆ పాట పేరే తర్వాత దేశదేశాల్లో ఒక జీవన విధానానికి పేరైంది.

రికార్డింగ్ జరిగింది వర్జీనియాలోని ఆర్లింగ్టన్‌లో, డాన్ జియెంటారా ఇంటి కింద నేలమాళిగలో నడిపిన 'ఇన్నర్ ఇయర్' స్టూడియోలో. విడుదల చేసింది మెకాయ్, నెల్సన్ నడిపిన రికార్డు సంస్థ 'డిస్కార్డ్'. దాని పుట్టుక నాకు పాటలంత ఇష్టం. వీళ్లిద్దరి పాత బ్యాండు 'టీన్ ఐడిల్స్' 1980లో విడిపోయేనాటికి కచేరీలపై కూడబెట్టింది దాదాపు 600 డాలర్లు. పంచుకోకుండా ఆ డబ్బుతో డిస్కార్డ్ పెట్టి, ఆ పాత బ్యాండు రికార్డు వెయ్యి కాపీలు వేయించారు. అట్ట ఎలా చేస్తారో తెలియదు. ఉన్న ఒక అట్టను జిగురు ఊడదీసి విప్పారు, పరిచి చుట్టూ గీత గీసుకున్నారు. ఆ కొలతకు అచ్చు వేయించి, కత్తెరతో కత్తిరించి, మడిచి, అంటించారు. వెయ్యి అట్టలూ చేత్తోనే.

'మైనర్ థ్రెట్' అట్ట మీద మెకాయ్ తమ్ముడు అలెక్ మెట్ల మీద కూర్చుని, ముడిచిన చేతుల్లో గుండు వాల్చి ఉంటాడు. ఆ నిశ్చలమైన బొమ్మ చూస్తూ ముల్లు పెడతాం. నాలుగు పాటలు కాగానే లేచి రికార్డు తిరగేయాలి. మళ్లీ వచ్చి కూర్చునేసరికి రెండో వైపు మొదటి పాట సగం అయిపోయి ఉంటుంది.