ఆకు మెచ్చే వెలుతురు

నెదర్లాండ్స్ పద్ధతి అక్వేరియంలో చేపలకు రెండో పీటే. రాళ్లూ దుంగలూ పెద్దగా కనిపించవు. రకరకాల నీటిమొక్కలను గుంపులుగా నాటి, తోటలా పెంచుతారు. ముందు అద్దం దగ్గర పొట్టిగా మొదలై, వెనక్కి పోయేకొద్దీ ఎత్తు పెరుగుతూ ఏటవాలుగా సాగే మొక్కల వరసను అక్కడ 'లైడెన్ వీధి' అంటారు. తొట్టి ఉన్నదానికంటే లోతుగా కనిపించేది దానివల్లే. దశాబ్దాల పాటు ఈ తోటపనికి సూర్యుడు మామూలు ట్యూబులైటే.

అయితే ఏ ట్యూబు? లోహపు టోపీ పక్కన, గాజు మీద సన్నగా అచ్చువేసిన అంకెలు చూడండి. 865 అని ఉంటే, రంగులు చూపడంలో దానికి నూటికి ఎనభై పైన మార్కులని, వెలుతురు 6500 కెల్విన్ అని అర్థం. అంటే పగటివెలుగుకు దగ్గరి తెలుపు. 830 అయితే పసుపు ఛాయ. డబ్బా మీద ఉండే ల్యూమెన్లు మన కంటి లెక్క. ఆకు లెక్క వేరు. పత్రహరితం ఎక్కువగా పీల్చేది ఎరుపు, నీలం. ఆ రెండూ చిమ్మే గులాబీ ట్యూబులు అందుకే పుట్టాయి. వాటి కింద ఎర్ర రోటాలా మొక్క మిడిసిపడుతుంది గానీ పచ్చాకులు వెలవెలబోతాయి. రెండు ట్యూబులకు చోటుంటే 865 ఒకటి, గులాబీది ఒకటి పెట్టొచ్చు. ఒక్కదానికే చోటుంటే నా ఓటు 865కే. కరెంటు సామాన్ల కొట్లో దొరికేదైనా సరే, మొక్కకు తేడా తెలియదు.

టీ8, టీ5 అన్నవి మందం కొలతలు. అంగుళాన్ని ఎనిమిది భాగాలు చేస్తే అందులో ఎన్ని అని. ట్యూబు వెలుతురు నలుదిక్కులా పోతుంది కాబట్టి పైన రిఫ్లెక్టరు తప్పనిసరి. లావు ట్యూబైతే తిరిగొచ్చే వెలుతురుకు తనే అడ్డం పడుతుంది, సన్నటి టీ5తో ఆ బెడద తక్కువ. పైగా టీ8 బాగా వెలిగేది 25 డిగ్రీల దగ్గరైతే, టీ5 35 దగ్గర. మూత బిగించిన తొట్టికి, అందులోనూ మన ఎండాకాలంలో, ఇది చిన్న సంగతి కాదు.

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టిలో 56 లీటర్ల నీళ్లు పడతాయి. 18 వాట్ల టీ8 ఒక్కటుంటే క్రిప్టోకొరైన్, జావా ఫెర్న్, అనూబియస్ లాంటి మొక్కలు హాయిగా బతుకుతాయి. రోటాలా ఎర్రబడాలంటే రెండు కావాలి. అంతకు మించితే కార్బన్ డయాక్సైడ్ కూడా అందించాలి, లేదంటే మిగిలిన వెలుతురు నాచు పాలవుతుంది. కాండం మీద కణుపులు ఎడమై, కింది ఆకులు రాలుతుంటే వెలుతురు చాలనట్టు. ఆకు అంచున పచ్చటి నూగు పడితే ఎక్కువైనట్టు. అప్పుడు ముందు లైటు టైమరును ఎనిమిది గంటలకు దించి చూడండి.

లోపలి పొడిపూత అరిగేకొద్దీ, ట్యూబు మన కంటికి బాగానే వెలుగుతున్నా మొక్కకు అందేది తగ్గుతుంది. అందుకే ఏడాదికోసారి మార్చడం ఆనవాయితీ. రెండు ట్యూబులుంటే రెండూ ఒకేసారి మార్చొద్దు. హఠాత్తుగా వెలుగు పెరిగితే నాచుకే పండగ.

పాదరసం కారణంగా యూరప్ 2023లోనే టీ5, టీ8లకు సెలవిచ్చింది. మినమాటా ఒప్పందం ప్రకారం 2027 చివరికల్లా అందులో చేరిన మిగతా దేశాల్లోనూ వీటి తయారీ ఆగాలి. ఎల్‌ఈడీకి మారినా 6500 అంకె, టైమరు లెక్క పనికొస్తాయి. తీసేసిన ట్యూబును మాత్రం చెత్తబుట్టలో పగలగొట్టకుండా ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్లకు ఇవ్వండి.