భయం ఒక్కటే చాలదు

అణ్వస్త్రాలున్న అగ్రరాజ్యాలు వైరం వదులుకోకుండానే సంప్రతింపులకు ఎందుకు దిగుతాయి? భయంవల్ల అని కొందరు, నాయకుల విజ్ఞతవల్ల అని మరికొందరు అంటారు. ఈ రెండు వాదాలూ అసంపూర్ణమని నా అభిప్రాయం.

1962 అక్టోబరునాటి క్యూబా సంక్షోభాన్నే తీసుకుందాం. కెన్నెడీ, కృశ్చేవ్ ఇద్దరూ భయపడిన మాట నిజమే. క్యూబానుంచి సోవియట్ క్షిపణులు వెళ్లిపోయాయి. లోపాయికారీగా కుదిరిన మాట ప్రకారం టర్కీనుంచి అమెరికా క్షిపణులూ వెళ్లిపోయాయి. 1963 జూన్‌లో మాస్కో, వాషింగ్టన్‌ల మధ్య నేరుగా వార్తలు పంపుకునే ఏర్పాటుకు ఒప్పందం జరిగింది. ఇంతవరకు భయం చేసిన పనే.

కాని ఆ ఆగస్టు 5న బ్రిటన్‌తో కలిసి ఈ రెండు రాజ్యాలు మాస్కోలో సంతకం చేసిన పరీక్షల నిషేధ ఒప్పందానికి భయం ఒక్కటే కారణం కాదు. 1954లో బికినీ పేలుడు బూడిద జపాను జాలరులమీద పడింది. తరువాత పిల్లలు తాగే పాలలో స్ట్రాన్షియం బయటపడింది. దేశదేశాల తల్లులూ శాస్త్రజ్ఞులూ లేవదీసిన ఆందోళన ఆ సంతకాల వెనుక వున్నది.

అయితే గాలిలో, నీటిలో, అంతరిక్షంలో పరీక్షలు ఆపిన ఆ ఒప్పందం భూగర్భాన్ని వదిలేసింది. ఏటా ఏడు తనిఖీలు కావాలని అమెరికా, రెండుమూడు చాలునని సోవియట్ యూనియన్ పట్టుబట్టాయి. ఆ పేచీ తెగలేదు. పాలలోకి వచ్చే విషం తగ్గగానే జనాందోళనా చల్లబడింది. పరీక్షలు భూగర్భంలో సాగాయి.

సోవియట్ పక్షాన్ని అభిమానించినవారమైనా మనం ఈ లెక్క దాచకూడదు. సంధిపత్రాన్ని మెచ్చుకునేముందు అందులో ఏమి వదిలేశారో కూడా చదవాలి. ఆ వదిలేసినదానికోసం అడగవలసినవాళ్లం మనమే.